వద్దని సంతకం పెట్టాక

మాది నెల్లూరు జిల్లా అల్లూరు మండలంలో సముద్రం వైపు ఊరు. రొయ్యల చెరువులే మా బతుకు. మా బాబుకి రెండున్నర నెలలప్పుడు టీకాలు ఆపేశాం, పదిహేనో నెలలో మళ్ళీ మొదలుపెట్టాం. మధ్యలో జరిగింది రాయమని మా ఆవిడ చాలాసార్లు చెప్పింది, నాకే మనసు రాలేదు. ఈమధ్య మా బంధువుల్లో ఒక కుర్రాడు, మొదటి బిడ్డ పుట్టి రెండు నెలలైంది, ఫోన్ చేసి "అన్నా, మీరు ఆపేశారంట గదా, పిల్లోడు బాగానే ఉన్నాడు గదా" అన్నాడు. వాడికి తెలిసింది సగమే. అందుకని మొత్తం రాస్తున్నా.

ముందు ఎందుకు ఆపామో చెప్పాలి, ఎందుకంటే ఆపేవాళ్ళంతా మూర్ఖులని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. బాబు 2021 డిసెంబరులో పుట్టాడు. పుట్టినప్పుడు వేయాల్సినవన్నీ ఆసుపత్రిలోనే వేశారు. ఆరు వారాలకి మా ఊరి సబ్‌సెంటర్‌కి తీసుకెళ్ళాం. ఒక తొడకి పెంటా, అంటే ఐదు జబ్బులకి కలిపి వేసే సూది, ఇంకో తొడకి న్యుమోనియా రాకుండా వేసేది, చేతికి పోలియో ఇంజెక్షన్, నోట్లో చుక్కలు. ఆ సాయంత్రం నాలుగింటికి ఏడుపు మొదలుపెట్టాడు. మామూలు ఏడుపు కాదు, కీచుమని, ఊపిరి అందనట్టు, ఎత్తుకున్నా ఆగదు, పాలిచ్చినా తాగడు, రాత్రి తొమ్మిది దాటేదాకా అదే. తొడ గట్టిగా వాచి ముట్టుకుంటే మండిపోతోంది. మా పెద్దపాపకి అన్ని టీకాలూ వేయించాం, ఇట్లా ఎప్పుడూ కాలేదు. జ్వరం రావచ్చని చెప్పారు గానీ, ఇంత ఏడుపు కూడా కొందరు పిల్లల్లో ఉంటుందని, దానంతట అదే తగ్గుతుందని ముందుగా ఒక్క మాట చెప్పి ఉంటే మేం అంత బెదిరిపోయేవాళ్ళం కాదు. మర్నాటికి తగ్గాడు. నాకు మాత్రం తగ్గలేదు.

ఆ భయం మీదికి వాట్సాప్ వచ్చి చేరింది. కరోనా టైంలో టీకాల మీద ఎన్ని వీడియోలు తిరిగాయో అందరికీ తెలుసు. మా దూరపు బంధువుల బాబుకి ఏడాదిన్నర వయసులో ఆటిజం అని చెప్పారు, ఆ నెలలోనే టీకా పడిందని వాళ్ళమ్మ అంటుంది. ఆ తల్లి బాధ నిజం, నేనేమీ అనలేను. ఇంట్లో కూర్చుని నేను లెక్క వేసుకున్నా: వేయిస్తే ఏదో అవుతుంది, వేయించకపోతే ఏమీ కాదు, పిల్లాడు ఉన్నట్టే ఉంటాడు. నా తప్పు అక్కడే మొదలైంది. వేయించకపోవడం అంటే ఏమీ చేయకపోవడం అనుకున్నా.

పది వారాల డోసుకి ఆశా కార్యకర్త ఇంటికొచ్చింది. తర్వాత బుధవారం మళ్ళీ వచ్చింది. మూడోసారి సబ్‌సెంటర్‌లో టీకాలు వేసే నర్సు, ఏఎన్ఎం మేడంని కూడా వెంటబెట్టుకుని వచ్చింది. "అన్నా, జ్వరం వస్తే ఈ మందు వేద్దాం, నేను రాత్రి కూడా వచ్చి చూస్తా" అంది. నా బిడ్డ నా ఇష్టం అని గట్టిగా మాట్లాడి పంపించేశా. ఆ అమ్మాయి మా ఊరి పిల్లే, మా చెల్లెలితో కలిసి చదువుకుంది. ఆ రోజు ఆమె ముఖం ఎట్లా చిన్నబోయిందో నాకింకా గుర్తే.

ఐదో నెలలో విరేచనాలైతే కావలిలో పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. కార్డు అడిగాడు. వద్దనుకున్నాం సార్ అన్నా. ఆయన కోప్పడలేదు. బయట ఇరవై మంది కూర్చుని ఉన్నా పది నిమిషాలు మాట్లాడాడు, కోరింత దగ్గు, కంఠసర్పి, తట్టు, ఒక్కోటి చిన్నపిల్లల్ని ఏం చేస్తుందో చెప్పాడు. నేను తల ఊపుతూ కూర్చున్నా. చివరికి కేస్ షీట్ మీద "ప్రమాదాలు వివరించాను, తల్లిదండ్రులు ఇప్పటికి వద్దన్నారు" అని రాసి కాగితం నా వైపు తిప్పాడు. సంతకం పెట్టే ముందు మూడు మాటలు చెప్పాడు, అవి ఇక్కడ ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నా, ఎందుకంటే ఆ రోజు నేను సరిగ్గా వినలేదు. బాబుకి జ్వరం వచ్చినా దగ్గు వచ్చినా ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా మొదటి మాట వీడికి టీకాలు లేవని చెప్పాలి, టీకాలున్న పిల్లాడిలో వెతకని జబ్బులు వీడిలో వెతకాలి కాబట్టి. ఊళ్ళో ఎవరికైనా జ్వరంతో ఒంటి మీద దద్దుర్లు ఉన్నాయంటే వీణ్ణి బయటికి తీయకూడదు, అలాంటి వాళ్ళని ఇంట్లోకి రానివ్వకూడదు. మట్టిలో, తుప్పు ఇనుముతో దెబ్బ తగిలితే అదే రోజు రావాలి, ధనుర్వాతం మనిషి నుంచి మనిషికి అంటేది కాదు, మట్టిలోనే ఉంటుంది, ఊరంతా టీకాలు వేయించుకున్నా వీడికి అడ్డు ఉండదు. "వద్దంటే పని అయిపోయినట్టు కాదు, ఇక రోజూ కాపలా కాయాలి" అన్నాడు.

నేను ఆ కాగితం చదవకుండా సంతకం పెట్టా. ఇది రాస్తుంటే ఇప్పటికీ గుండెల్లో కలుక్కుమంటుంది, ఎందుకంటే నేను కాగితాలు చదవని మనిషిని కాదు. హేచరీ నుంచి సీడ్, అంటే రొయ్య పిల్లల్ని తెచ్చేటప్పుడు, జబ్బు లేదని వాళ్ళిచ్చిన పీసీఆర్ రిపోర్ట్ నమ్మకుండా బయట ల్యాబ్‌లో డబ్బు కట్టి మళ్ళీ టెస్ట్ చేయిస్తా. చెరువు చుట్టూ పీతలు రాకుండా కంచె, పైన పిట్టల వల, నీళ్ళు పెట్టగానే బ్లీచింగ్, ఒక చెరువులో వాడిన వల ఇంకో చెరువులో దించను. 1990లలో తెల్లమచ్చ జబ్బు వచ్చి టైగర్ రొయ్యలు తుడిచిపెట్టుకుపోయినప్పుడు మా నాయన రెండు చెరువులు పోగొట్టుకుని ఎకరంన్నర మాగాణి అమ్మాడు, ఆ భయం నా ఒంట్లో ఉంది. రొయ్యకి మనిషికి లాగా టీకా పనిచేయదు, జబ్బుని గుర్తుపెట్టుకునే శక్తి దాని ఒంట్లో లేదు, అందుకే మాకు ఈ కంచెలూ వలలూ తప్పవు. అలాంటి టీకా ఉండి ఉంటే ఎకరాకి ఎంతైనా పెట్టేవాణ్ణి. బిడ్డకి ఉంది, ఊళ్ళోనే ఉంది, పైసా ఖర్చు లేదు.

2022 సెప్టెంబరులో తొమ్మిది నెలలు నిండాయి, తట్టు, రుబెల్లా రాకుండా వేసే ఎంఆర్ టీకా వేయించాల్సిన నెల. వేయించలేదు. ఆ సంవత్సరం చివర్లో ముంబైలో తట్టు వచ్చి పిల్లలు చనిపోతున్నారని టీవీలో చూశాం, ముంబై మనకెక్కడో అనుకున్నాం.

2023 సంక్రాంతికి హైదరాబాద్ నుంచి మా వాళ్ళు వచ్చారు. వాళ్ళ పిల్లాడికి జలుబు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, ప్రయాణం బడలిక అనుకున్నాం. ఒకే గదిలో పది మంది పడుకున్నాం. వాడికి ఎంఆర్ రెండో డోసు పడలేదని తర్వాత తెలిసింది, నేను వాళ్ళని అడిగే స్థితిలో లేను. వాళ్ళు వెళ్ళిపోయాక పది రోజులకి మా వాడికి జ్వరం. దగ్గు, ముక్కు కారడం, కళ్ళ నిండా నీళ్ళు, వెలుతురు చూడలేకపోయాడు. మూడో రోజు మా ఆవిడ నోరు తెరిపించి "బుగ్గ లోపల ఉప్పు రవ్వల్లాగా తెల్లగా ఉన్నాయి చూడండి" అంది. పాల పొర అని చెప్పి చెరువు మీదికి పోయా. అక్కడ మేత చూసే చెక్‌ట్రేలో రొయ్యని పట్టుకుని, తల చిప్ప తీసి, ఎండకి పట్టి తెల్లమచ్చలున్నాయేమో అని ఒక్కొక్కటే చూసుకున్నా. కొడుకు నోట్లో కనబడిన మచ్చలు తట్టుకి గుర్తు అని, ఒంటి మీద దద్దులు రాకముందే కనిపిస్తాయని వారం తర్వాత తెలిసింది.

నాలుగో రోజు చెవుల వెనక, నుదుటి మీద ఎర్రగా మొదలై మర్నాటికి పొట్ట దాకా దిగింది. మా అమ్మ చూడగానే "తట్టురా అబ్బయ్యా" అంది. వేపాకు తెచ్చి పక్క మీద పరిచింది, ఇంట్లో తాలింపులు ఆపించింది, మందులు వద్దంది. నేను డాక్టర్ చెప్పిన మూడు మాటల్లో ఒక్కటి కూడా గుర్తు తెచ్చుకోలేదు. రెండు రోజులు అట్లాగే ఉంచేశాం. మూడో రోజు తెల్లవారుజామున చూస్తే ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. కారు మాట్లాడుకుని నెల్లూరు పరిగెత్తాం.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరమ్మ మొదటి ప్రశ్నే అది. టీకాలన్నీ అయ్యాయా? నాకు నోరు రాలేదు. మా ఆవిడ చెప్పింది, "ఆరు వారాలవి అయ్యాయమ్మా, తర్వాత లేవు". వెంటనే వాళ్ళ పని మారిపోయింది. మాస్కులు పెట్టుకున్నారు, మమ్మల్ని మిగతా పిల్లల దగ్గర్నుంచి తీసి విడి గదిలోకి పంపారు, రక్తం రెండుసార్లు తీశారు. తట్టు తర్వాత వచ్చిన న్యుమోనియా అన్నారు. టీకాలు సరిగ్గా పడి ఉంటే కొన్ని రకాలు పెద్దగా అనుమానించే పని లేదు, ఇప్పుడు అన్నీ అనుమానించాలి అని ఆమె చెబుతుంటే కావలి డాక్టర్ మాట అప్పుడు చెవుల్లో పడింది.

రెండు రోజులు ఆక్సిజన్. తట్టు వైరస్‌ని చంపే మందంటూ లేదని నాకు అప్పటిదాకా తెలియదు. న్యుమోనియాకి ఇంజెక్షన్లు, నీళ్ళు, కళ్ళకి చుక్కలు, ఒక్కో రోజు రెండు లక్షల యూనిట్ల చొప్పున రెండు రోజులు విటమిన్ ఎ. అది పసుపురంగు నూనెలాగా ఉంటుంది, నర్సు ప్లాస్టిక్ చెంచాతో నోట్లో పోస్తే వాడు ఆ జ్వరంలో కూడా చప్పరించాడు, నాలుగు రోజుల తర్వాత వాడు ఇష్టంగా మింగింది అదొక్కటే. మా ఆవిడ గోడ వైపు తిరిగి ఏడ్చింది. నా తప్పు అని ఆమె ఒక్కసారి కూడా అనలేదు.

మా పెద్దపాప, అప్పటికి ఐదేళ్ళది, సంక్రాంతి అప్పుడూ తర్వాతా తమ్ముడి పక్కనే పడుకుంది, వాడి కంచంలోనే తింది. రెండు డోసులూ పడ్డ పిల్ల. దానికి తుమ్ము కూడా రాలేదు. ఒకే ఇల్లు, ఒకే మంచం, ఒకే తల్లిదండ్రులు, తేడా అదొక్కటే. నాకు ఇంకే వీడియో చూపించినా ఆ రెండు మంచాల లెక్కే గుర్తొస్తుంది.

మా అమ్మ ఆసుపత్రికి వచ్చినప్పుడు, ఎప్పుడూ చెప్పని మాట ఒకటి చెప్పింది. "మా చెల్లెలు ఇట్టానే పోయింది అబ్బయ్యా, మూడేళ్ళది. తట్టు ఆరింది గానీ దగ్గు ఆరలేదు." నాకు ఒక పిన్నమ్మ ఉండేదని అప్పటిదాకా తెలియదు. ఎందుకు చెప్పలేదమ్మా అంటే, అప్పట్లో ప్రతి ఇంట్లో ఒకరు పోయేవాళ్ళు, ఏమని చెప్పేది అంది. తట్టు అంటే పిల్లలందరికీ వచ్చి పోయేదే అని మనం అంటాం. 1963లో టీకా రాకముందు ప్రపంచంలో ఏడాదికి సుమారు 26 లక్షల మంది దానితో చనిపోయేవారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వచ్చి పోయినవాళ్ళే మిగిలి కథ చెప్పారు.

మేం నెల్లూరులో ఉండగానే మా ఊళ్ళో పని మొదలైంది. జ్వరం, దద్దులు అంటే ఆసుపత్రి వాళ్ళు పైకి తెలియజేయాలి, రక్తం పరీక్షకి పంపాలి. పీహెచ్‌సీ డాక్టర్, ఏఎన్ఎం, ఆశా ఇల్లిల్లూ తిరిగి ఐదేళ్ళలోపు పిల్లల లిస్టు రాసి, ఎవరికి ఏ డోసు లేదో చూసి వేశారు. నేను గట్టిగా మాట్లాడి పంపించిన అమ్మాయే మా వాడి పేరుతో మొదలుపెట్టి ఎండలో రెండు రోజులు తిరిగింది.

ఇక మా పక్కింటి పాప. అప్పుడు దానికి ఐదు నెలలు, ఎంఆర్ వేసే వయసు కాదు. వాళ్ళ నాయనా నేనూ కలిసి ఒక చెరువు లీజుకి చేస్తున్నాం. దద్దులు బయటపడే ముందు నాలుగు రోజులు, తర్వాత నాలుగు రోజులు తట్టు అంటుకుంటుంది, రోగి గది వదిలి వెళ్ళినా రెండు గంటల దాకా ఆ గాలిలో ఉంటుంది, రక్షణ లేనివాళ్ళ మధ్య ఒక్కడి నుంచి 12 నుంచి 18 మందికి పాకుతుందని చెబుతారు. సరిగ్గా ఆ రోజుల్లోనే వాళ్ళమ్మ పాపని చంకనేసుకుని మా ఇంటికొచ్చి, జ్వరంతో ఉన్న మా వాణ్ణి కూడా ఎత్తుకుని ఆడించింది. మేం తిరిగొచ్చేసరికి వాళ్ళ గోడ మీద క్యాలెండర్‌లో, తట్టు సోకి ఉంటే బయటపడే లోపు పట్టే 21 రోజులకి, పెన్సిల్‌తో గీతలు ఉన్నాయి. రోజూ పొద్దున పాప చెవుల వెనక చూసి ఒక గీత కొట్టేసేది. మమ్మల్ని ఒక్క మాట అనలేదు, మా ఇంటికి రావడం మానేసింది, అంతే. తెల్లమచ్చ తగిలిన చెరువు నీళ్ళని బ్లీచింగ్ కొట్టకుండా రాత్రిపూట ఉప్పుటేరులోకి వదిలేసేవాడు ఒకడుంటాడు, కింద ఉన్న చెరువులన్నీ పోతాయి, అలాంటివాణ్ణి మా ఊళ్ళో ఎవరూ క్షమించరు, నేనూ క్షమించలేదు. ఆ 21 రోజులు ఆ క్యాలెండర్ వైపు చూడాలంటే నాకు అదే గుర్తొచ్చేది. పాపకి ఏమీ కాలేదు. దేవుడి దయ, నా గొప్పేం లేదు.

ఇప్పుడు మళ్ళీ మొదలుపెట్టిన సంగతి. చాలామంది ఆలస్యమైందని సిగ్గుతో, మొదటి నుంచి అన్నీ మళ్ళీ పొడుస్తారేమోనన్న భయంతో వెళ్ళరు, అందుకని కొంచెం వివరంగా చెబుతా. పీహెచ్‌సీ డాక్టర్ కార్డు చూసి, వేసింది వేసినట్టే, మళ్ళీ మొదటికి పోనక్కర్లేదు, ఆగిన దగ్గర్నుంచి పోదాం అన్నాడు. పెంటా రెండోది, నాలుగు వారాలాగి మూడోది, దానికి ఆరు నెలల తర్వాత కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతానికి మళ్ళీ వేసే డీపీటీ బూస్టర్, వాటితోపాటు పోలియోవి. తట్టు ఒకసారి వచ్చింది కదా ఎంఆర్ ఎందుకు అని అడిగా. అందులో రుబెల్లా కూడా ఉంది, వేస్తే నష్టం లేదు అన్నాడు. కాకపోతే ఆలస్యానికి ఒక ఖర్చు ఉంది, కొన్నిటికి వయసు దాటిపోతే ఇక మొదలుపెట్టరు, క్షయకి వేసే బీసీజీ ఏడాది లోపలే.

ఆ ఏడుపు సంగతి కూడా చెప్పా, ఇన్నాళ్ళూ నన్ను పీడించింది అదే కదా. ఆయన శ్రద్ధగా విన్నాడు. పెంటాలో కోరింత దగ్గుకి సంబంధించిన భాగం వల్ల కొందరు పిల్లలు గంటల తరబడి ఏడుస్తారు, చూసేవాళ్ళకి భయంగానే ఉంటుంది, తర్వాతి డోసు ఆపడానికి అది కారణం కాదు అన్నాడు. ప్రాణం మీదికొచ్చేంత అలర్జీ వచ్చినా, టీకా పడిన వారంలోపు మెదడుకి సంబంధించిన పెద్ద జబ్బు వచ్చినా అప్పుడు ఆపుతారట. ఈ ఒక్క ప్రశ్న నేను పది వారాలప్పుడే, ఇదే కుర్చీలో కూర్చుని అడిగి ఉండాల్సింది. వీడియో పంపినవాణ్ణి అడిగా గానీ, డాక్టర్‌ని అడగలేదు.

ఆటిజం గురించి కూడా అప్పుడే కూర్చుని చదివా. 1998లో లండన్‌లో వేక్‌ఫీల్డ్ అనే డాక్టర్ 12 మంది పిల్లల మీద, తట్టు టీకాకీ ఆటిజానికీ ముడిపెట్టి లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాసిన పేపర్‌తో ఈ గొడవ లేచింది. ఆ పత్రిక 2010లో దాన్ని వెనక్కి తీసుకుంది, అదే ఏడాది ఆయన డాక్టర్ రిజిస్ట్రేషన్ కూడా తీసేశారు. 2019లో డెన్మార్క్‌లో ఆరున్నర లక్షల మందికి పైగా పిల్లల రికార్డులు చూస్తే టీకా వేసిన పిల్లల్లో ఆటిజం ఎక్కువేమీ కనబడలేదు. ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్యలోనే పిల్లల్లో ఆ లక్షణాలు బయటికి తెలుస్తాయి, టీకాలు పడేదీ అప్పుడే, తల్లి మనసు ఆ రెంటినీ ముడివేస్తుంది. మా బంధువులామె మీద నాకు కోపం లేదు.

2023 మార్చి చివరి బుధవారం సబ్‌సెంటర్‌కి వెళ్ళాం. నా చేతులు చల్లబడ్డాయి. ఏఎన్ఎం మేడం అది గమనించిందో ఏమో, చుక్కల మందు బుడ్డి తీసి నాకు చూపించింది. దాని మీద గుండ్రం గుర్తు, మధ్యలో చిన్న చదరం. "చదరం గుండ్రం కంటే తెల్లగా ఉందా? ఉంటే మందు వేడికి పాడవలేదని లెక్క. రెండూ ఒకే రంగుకొస్తే పారేస్తాం. ఎవరైనా చూపించమని అడగొచ్చు" అంది. ఏ టీకా దేనికో, ఏం రావచ్చో, మళ్ళీ ఎప్పుడు రావాలో చెప్పి, కార్డు పోగొట్టొద్దంది. అరగంట అక్కడే కూర్చోబెట్టింది. ఆ రాత్రి జ్వరం వచ్చింది, బరువుని బట్టి చెప్పిన మందు వేశాం, గంటన్నర ఏడ్చి పడుకున్నాడు. తెల్లారి ఆరింటికి ఆశా అమ్మాయి గుమ్మంలో ఉంది. "అన్నా, ఎట్టున్నాడు?" అంది. ముందు చెప్పాల్సింది చెప్పా, తప్పయింది తల్లీ అని. ఆమె "పిల్లోణ్ణి చూపీ ముందు" అంది.

తట్టు మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. ఆ తర్వాత నాలుగైదు నెలలు వాడికి ఏదో ఒకటి, దగ్గు, విరేచనాలు, చెవి పోటు. అంతకుముందు ఒంట్లో పోగైన రక్షణని కూడా తట్టు చెరిపేస్తుందని, 11 నుంచి 73 శాతం దాకా యాంటీబాడీలు పోయాయని 2019లో వచ్చిన పరిశోధనలో ఉంది. ఇంకొకటి, డిశ్చార్జి రోజు డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. చాలా అరుదు, కానీ రెండేళ్ళలోపు తట్టు వచ్చిన పిల్లల్లో ఏడెనిమిదేళ్ళ తర్వాత కూడా మెదడుని దెబ్బతీసే జబ్బు ఒకటి రావచ్చు, దానికి నయం లేదు, భయపెట్టడానికి కాదు, తెలిసి ఉండాలని చెబుతున్నా అంది. ఇప్పుడు వాడు బాగా పరిగెడతాడు, ఆడతాడు, అక్కతో కొట్లాడతాడు. చేతిలో గ్లాసు జారితే మాత్రం నేను వాడి చేతి వైపే చూస్తా. మా ఆవిడకి ఈ మాట చెప్పలేదు, ఇది చదివితే తెలుస్తుంది.

పక్కింటి పాపకి తొమ్మిది నెలలు నిండిన బుధవారం వాళ్ళ నాయన చెరువు పట్టుబడిలో ఉన్నాడు. నా బండి మీద తల్లీబిడ్డల్ని సబ్‌సెంటర్‌కి నేనే తీసుకెళ్ళా. మందు కలిపిన బుడ్డి మీద మేడం టైం రాసింది, నాలుగు గంటలు దాటితే వాడకూడదట. చేతికి సూది పడితే పాప ఒక్కసారి గట్టిగా ఏడ్చి, ఆశా అమ్మాయి మెడలో ట్యాగు పట్టుకుని ఊరుకుంది.

మా వాడి కార్డులో పది వారాల గడిలో తేదీ 2023 మార్చి అని ఉంటుంది. చూసినవాళ్ళు తప్పు పడిందా అని అడుగుతారు. ఐదేళ్ళు నిండాక డీపీటీ రెండో బూస్టర్ ఒకటి ఉంది, అంటే 2026 డిసెంబరు. ఫోన్ చేసిన కుర్రాడికి చెప్పా, నీ బిడ్డ కార్డు తీసుకుని ఈ బుధవారం రా, నేనూ వస్తా, నువ్వు అడగాల్సినవన్నీ ఆ మేడంని అడుగుదువు అని. వస్తానన్నాడు.